ఊరికే తిరగని పిట్ట

అబ్బాయీ,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది. పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది కోపంతో. ఆరో పేజీలో ఒక మాట దగ్గర కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, వరండాలో కాసేపు పచార్లు చేయాల్సి వచ్చింది.

ఆ మాట "ఊరికే".

ఊరి చివర రాళ్ళు పాతి వదిలేసిన ప్లాట్లలో, ఏప్రిల్ ఎండలో, మిట్టమధ్యాహ్నం నీకో తీతువు కనిపించింది. నిన్ను చూసి గోల పెట్టింది. పలకరిస్తోందని మురిసిపోయావు. ఆ తర్వాత అది "కుంటకూ బయలుకూ మధ్య ఊరికే తిరుగుతూ ఉంది" అని రాశావు.

ఊరికే తిరిగింది నువ్వు నాయనా. తీతువు చెట్టు మీద గూడు కట్టదు. నేల మీదే చిన్న గుంట, చుట్టూ కాసిని గులకరాళ్ళు. అందులో మట్టిరంగు మీద నల్లమచ్చల గుడ్లు, మామూలుగా నాలుగుంటాయి. అడుగు దూరంలో నిలబడినా రాయేదో గుడ్డేదో పోల్చుకోలేం. పైన నీడ ఉండదు, ఎండ ముదిరితే గుడ్లు ఉడికిపోతాయి. అందుకని ఆ పిట్ట నీళ్ళ దగ్గరికి పోయి, పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి, ఆ తడితో గుడ్ల మీద కూర్చుంటుంది. మళ్ళీ ఆరిపోతే మళ్ళీ పోతుంది. నువ్వు చూసిన పిట్ట చేస్తున్నది అదేనని ఒట్టేసి చెప్పలేను, నేనక్కడ లేను. కానీ కుంట రాశావు, బయలు రాశావు, ఎండ రాశావు, అరుపూ రాకపోకలూ రాశావు. ఇంత చూసి, చివర్న ఒక్క మాటతో దాని మీద మూత పెట్టేశావు. ఆ అరుపు పలకరింపు కాదు, తిట్టు. గుడ్లు తొక్కుతావేమోనని దాని టెన్షన్ దానిది.

ఏ ప్రాణీ ఊరికే ఏ పనీ చేయదు. శాస్త్రవేత్తలు ఒప్పుకుంటారో లేదో నాకు అనవసరం, రాసేవాడు మాత్రం అలా నమ్మే కూర్చోవాలి. "ఎందుకో", "ఏదో", "పేరు తెలియని పిట్ట", ఇవన్నీ ఆ మాటకు చుట్టాలే. పేరు తెలియని పిట్టలు నీ వ్యాసంలో ఐదున్నాయి. పేరు తెలియకపోతే కొంపేం మునగదు, అదేం చేస్తోందో రాయి. చీలిన తోక, నల్లటి ఒళ్ళు, తీగ మీంచి పురుగు కోసం దూకి మళ్ళీ అదే తీగ మీదికి చేరిందని రాసి ఉంటే, గొడ్లు కాసినవాళ్ళెవరైనా అది పసుల పోలిగాడని చెప్పేవాళ్ళు. నువ్వేమో "నల్లని స్వప్నం" అన్నావు. అలాగే ఆ కోకిలమ్మ గానం కొట్టేయి. కూసేది మగది. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, కిక్కిక్కిక్ మని అరుస్తుంది.

నేనేం పుట్టుకతో తెలుసుకుని రాలేదు. నా తొలి రోజుల వ్యాసం ఒకదానిలో తల్లి గిజిగాడు పిల్లల కోసం గూడు అల్లుతోందని రాశాను. కన్నీళ్ళు వచ్చేలా రాశాను కూడా. పత్రికలో పడింది, మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయి. చాలా ఏళ్ళకు ఒక వానాకాలం, చెరువు గట్టు మీద ఈతచెట్టు కింద గొడుగు పట్టుకుని రెండు గంటలు నిలబడితే తెలిసింది, అల్లేది పసుపు తల మగపిట్ట. సగం అల్లి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆవిడొచ్చి చూసుకుని, నచ్చితే ఉంటుంది, నచ్చకపోతే పోతుంది. నచ్చాకే కింది గొట్టం పూర్తవుతుంది. నేను రాసిన తల్లి కంటే ఇదెంత మంచి కథ! ఆ రాత్రి సిగ్గుతో నిద్రపట్టలేదు.

పోనీ సరిగ్గా చూసి రాస్తే బతకనిస్తారా? ఒక సంపాదకుడు (పేరెందుకులే) నేను పంపిన గుడ్డికొంగను అచ్చులో "శ్వేత బకం" చేశాడు. గుడ్డి అన్న మాట పాఠకులకు బాగుండదట. కూర్చున్నంతసేపూ బురదరంగులో ఉండి, ఎగిరినప్పుడు మాత్రమే తెల్లటి రెక్కలు విప్పడమే ఆ కొంగ గొప్పతనం. దాన్ని మొదటి వాక్యంలోనే తెల్లగా కడిగి పెట్టాడు మహానుభావుడు. ఇంకొకాయనైతే ప్రతి వ్యాసం చివరా మనిషి స్వార్థం మీద ఒక పేరా ఉండాలనేవాడు. నీ పదకొండో పేజీ చూస్తే ఆయన గుర్తొచ్చాడు. ఆ పేజీ చించేయి.

గుడ్డికొంగ అంటే గుర్తొచ్చింది. మురుగుకాలువ పక్కన దాన్ని చూస్తూ ఇరవై నిమిషాలు నిలబడ్డానని, సంచి పట్టీ భుజం కోస్తున్నా మార్చుకోలేదని రాశావే, అది బాగుంది. అక్కడ నువ్వు కథ చెప్పాలనుకోలేదు, కొంగ కదులుతుందేమోనని భయపడ్డావంతే.

మూడు ప్రశ్నలడిగావు. బైనాక్యులర్స్ మొదటి ఏడాది కొనకు. అవి చేతిలో ఉంటే చూపంతా దూరంగా పోతుంది, కాళ్ళ దగ్గరి తొండ కనపడదు. మిగతా రెండూ ఇంకోసారి చూద్దాం.

తీతువు గుడ్లు పిల్లలవడానికి ఇంచుమించు నాలుగు వారాలు పడుతుంది. నువ్వు వెళ్ళొచ్చి రెండు వారాలే అంటున్నావు కాబట్టి ఇంకా టైముండొచ్చు. ఈ ఆదివారం వేరే ఎక్కడికీ పోకుండా నేరుగా ఆ ప్లాట్లకు వెళ్ళు. గుడ్ల కోసం వెతకొద్దు, దూరంగా కూర్చో. అది తల మీదికి దూసుకొచ్చిందంటే దగ్గరికి పోయావన్నమాట, వెనక్కి జరుగు. కుంట నుంచి తిరిగొచ్చేటప్పుడు దాని పొట్ట తడిగా ఉందో లేదో చూసి నాకు రాయి. దానికి మాత్రం బైనాక్యులర్స్ కావాలి, ఎవరినైనా అడిగి తీసుకెళ్ళు.