మీ ప్రశ్నలకు జవాబులు: ఫైలు ఎంతవరకు చిన్నదవుతుంది?

ప్రశ్న: పెద్ద ఫైలును జిప్ చేస్తే సగానికి తగ్గింది. ఆ జిప్‌నే మళ్ళీ జిప్ చేస్తే తగ్గకపోగా కొన్ని బైట్లు పెరిగింది. ఇది సాఫ్ట్‌వేర్ లోపమా? ముందు ముందు ఏ ఫైలునైనా పదో వంతుకు తెచ్చే పద్ధతి రాదా?

జవాబు: లోపం కాదు, అటువంటి పద్ధతి రాదు కూడా. ఇందుకు లెక్క చాలా చిన్నది. బిట్ అంటే 0 గానీ 1 గానీ. సరిగ్గా 10 బిట్లతో 1,024 వేర్వేరు ఫైళ్ళు రాయవచ్చు. అంతకంటే తక్కువ బిట్లతో రాయగలిగినవి, ఖాళీ ఫైలును కలుపుకున్నా, 1,023 మాత్రమే. 1,024 ఫైళ్ళనూ కుదించాలంటే ఏవో రెండింటికి ఒకే కుదించిన రూపం ఇవ్వక తప్పదు. అప్పుడు తిరిగి విప్పేటప్పుడు ఏది అసలుదో తెలియదు. ఫైలు ఎంత పెద్దదైనా ఇదే తర్కం వర్తిస్తుంది కనుక, అన్ని ఫైళ్ళనూ కుదిస్తామని చెప్పే ప్రకటన ఎక్కడ కనిపించినా దాన్ని నమ్మనక్కరలేదు.

మరి జిప్ ఎలా పనిచేస్తోంది? మనం దాచుకునే ఫైళ్ళలో పునరుక్తి ఎక్కువ. వచ్చిన పదమే మళ్ళీ వస్తుంది, కొన్ని అక్షరాలు మిగతావాటికంటే తరచుగా వస్తాయి. తరచుగా వచ్చేవాటికి పొట్టి సంకేతాలు ఇచ్చే హఫ్‌మన్ పద్ధతి (1952), మళ్ళీ వచ్చిన భాగాన్ని తిరిగి రాయకుండా వెనక ఎక్కడుందో సూచించే లెంపెల్–జివ్ పద్ధతి (1977) కలిస్తే జిప్ అవుతుంది. ఈ పునరుక్తి ఒకసారి పోయాక మిగిలిన బిట్లలో క్రమమేమీ కనిపించదు. రెండోసారి కుదించడానికి అక్కడ ఏమీ ఉండదు. జిప్ తన సొంత వివరాలను జోడించుకోవడం వల్ల ఆ కొన్ని బైట్లు పెరిగాయి.

ఇంతకంటే కుదించలేమన్న ఈ హద్దును 1948లో అమెరికన్ గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ గణితంగా చెప్పారు. తర్వాత ఏ అక్షరం రాబోతోందో ఊహించడం సగటున ఎంత కష్టమో కొలిచే ఆ రాశినే ఎంట్రోపీ అంటారు. ఏమీ పోగొట్టకుండా కుదించే ఏ పద్ధతీ సగటున దానికంటే కిందికి దిగలేదు. అయితే ఊహ ఎంత బాగుంటుందన్నది మనకున్న జ్ఞానాన్ని బట్టి ఉంటుంది. వృత్త పరిధికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి π (3.14159...) విలువలోని తొలి పది లక్షల అంకెలను చూడండి. అంకెల తరచుదనాన్ని మాత్రమే చూసే పద్ధతి ఒక్కో అంకెకు దాదాపు 3.32 బిట్ల దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే పది అంకెలూ ఇంచుమించు సమానంగా వస్తాయి. అవి π అంకెలని తెలిసినవారు మాత్రం వాటన్నిటినీ పుట్టించే కొద్ది పంక్తుల ప్రోగ్రామ్ రాసి ఊరుకుంటారు. ఏ ఫైలుకైనా అలాంటి అతి పొట్టి ప్రోగ్రామును కనిపెట్టే సార్వత్రిక పద్ధతి లేదని కూడా గణితం నిరూపించింది. అందువల్ల మెరుగుదలకు చోటు ఇంకా కొంత ఉండవచ్చు, కానీ అది ఎంతో ముందుగా చెప్పలేము.

ప్రశ్న: పాటను ఎంపీ3గా మారిస్తే పదకొండో వంతుకు తగ్గుతుంది కదా. అక్కడ ఈ హద్దు ఏమైంది? కృత్రిమ మేధతో ఇంకా తగ్గించగలరా?

జవాబు: సీడీలో సెకనుకు 44,100 సార్లు, ఒక్కోసారి 16 బిట్లతో, రెండు చానళ్ళలో ధ్వనిని కొలుస్తారు. అంటే సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. నాలుగు నిమిషాల పాటకు 42 మెగాబైట్లు. ఏమీ పోగొట్టకుండా ధ్వనిని కుదించే ఫ్లాక్ పద్ధతి దాన్ని చాలా పాటలకు సగానికి అటూఇటూగా తగ్గించగలదు. ఎంపీ3 దాన్ని సెకనుకు 128 కిలోబిట్లకు తేగలగడానికి కారణం, అది హద్దును దాటడం కాదు, అసలు పాటను తిరిగి ఇస్తానన్న షరతునే వదిలేయడం. గట్టి శబ్దం పక్కనే ఉన్న సన్నని శబ్దం చెవికి అందదు కనుక, ఆ చోట కొలతలను మోటుగా రాసి, దానివల్ల పుట్టే రొదను గట్టి శబ్దం చాటున దాచేస్తారు. ఇక్కడ హద్దును నిర్ణయించేది ఫైలు కాదు, వినేవారి చెవి.

కృత్రిమ మేధ ఈ దారిలోనే మరింత ముందుకు వెళ్ళింది. 2021లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన సౌండ్‌స్ట్రీమ్ అనే ధ్వని కుదింపు పద్ధతి, సెకనుకు 3 కిలోబిట్లలోనే, ఇంటర్నెట్ కాల్స్‌లో వాడే ఓపస్ పద్ధతి 12 కిలోబిట్లలో ఇచ్చేదానికంటే బాగుందని శ్రోతల పరీక్షల్లో తేలింది. ఇంత తక్కువ బిట్లు సరిపోవడానికి కారణం, మనిషి గొంతు, వాద్యాలు ఎలా వినిపిస్తాయో ముందే నేర్చుకున్న నమూనా స్వీకరించే పరికరంలో సిద్ధంగా ఉండటమే. పంపేది తగ్గింది కానీ, రెండు వైపులా దాచి ఉంచాల్సిన జ్ఞానం, చేయాల్సిన లెక్క పెరిగాయి.

నా భయం వేరే చోట ఉంది. ఎంపీ3లో బిట్లు చాలకపోతే ధ్వని బొంగురుపోతుంది, లోపం మనకు తెలిసిపోతుంది. నేర్చుకున్న నమూనా మాత్రం లేనిచోట నమ్మదగినదాన్ని పూరిస్తుంది. ఒక హల్లు స్పష్టంగానే, కానీ మరో హల్లుగా వినిపించవచ్చు. ఇది ఊహాజనితమైన ముప్పు కాదు. ఒకేలా కనిపించే అంకెలను ఒకే బొమ్మగా భావించే కుదింపు పద్ధతి వల్ల కొన్ని స్కానర్లు కాగితాల్లోని 6ను 8గా మార్చేస్తున్నట్లు 2013లో బయటపడింది. ప్రతిలో ఎక్కడా మసక లేదు. ఫోను మాటలకు ఇటువంటి కుదింపు చాలు. సాక్ష్యంగానో పరిశోధనకో దాచవలసిన ధ్వనికి తగదు.

ప్రశ్న: నా దగ్గరున్న ఎంపీ3లను ఫ్లాక్‌గా మారిస్తే నాణ్యత పెరుగుతుందా?

జవాబు: పెరగదు. పోయిన వివరం తిరిగి రాదు, ఫైలు మాత్రం పెద్దదవుతుంది. ఒక ఎంపీ3ని కొంత పోగొట్టి కుదించే మరో రూపంలోకి మార్చడం ఇంకా చేటు, ఎందుకంటే రెండు పద్ధతుల రొద ఒకదానిపై ఒకటి చేరుతుంది. అసలు సీడీ ఉంటే దాని నుంచే ఫ్లాక్ చేసుకోండి; లేకపోతే ఎంపీ3లను ఉన్నవి ఉన్నట్లే ఉంచండి.