మాయకీ లెక్క తప్పకూడదు

ఈ నెల ఉత్తరాలన్నీ ఇంగ్లీషులో కొత్తగా వస్తున్న ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ నవలల మీదే. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మా టీచర్ గారి జవాబులు చదవండి.

ప్రశ్న: టీచర్ గారూ, మా ఆఫీసులో అమ్మాయిలందరూ 'ఫోర్త్ వింగ్' సిరీస్ చదివేశారు. నేనైతే మూడో భాగం 'ఆనిక్స్ స్టార్మ్' వచ్చిన రోజే కొన్నాను. మీరు మాత్రం దాని ఊసే ఎత్తరు. మీకు డ్రాగన్లంటే పడవా, ప్రేమకథలంటే పడవా?
– ఐటీ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: రెండూ పడతాయమ్మా. రెబెకా యారోస్ 2023లో రాసిన మొదటి భాగం నేనూ తెల్లవార్లూ కూర్చుని చదివాను. డ్రాగన్ల మీద స్వారీ నేర్పే ఆ యుద్ధ కళాశాలలో చేరాలంటే ముందు ఎత్తయిన సన్నటి రాతి గోడ మీద నడిచి అవతలికి వెళ్లాలి, కాలు జారితే చావే. హీరోయిన్ వయలెట్‌వి పెళుసు ఎముకలు, కీళ్లు ఊరికే జారిపోతాయి. అలాంటి పిల్లని తీసుకెళ్లి ఆ గోడ మీద నిలబెట్టింది చూడు, అక్కడ రచయిత్రికి నూటికి నూరు వేశాను.

పేచీ తర్వాత వచ్చింది. ఆ లోకంలో ఒక రౌతుకి ఒకే డ్రాగన్. ఈ రూలు పెట్టింది రచయిత్రే. తీరా హీరోయిన్ వంతు వచ్చేసరికి ఆమెకి రెండు: టెయిర్న్ ఒకటి, ఆండర్నా ఒకటి. క్లాసంతటికీ ఒక ప్రశ్నకి ఒకే జవాబు రాయమని చెప్పి, సొంత కూతురికి మాత్రం రెండు రాయనిచ్చే టీచర్ని నువ్వు ఊరుకుంటావా? తర్వాతి భాగాల్లో దానికి కారణాలు చెబుతుందిలే గానీ, నాకు అవి ముందే అనుకుని రాసినట్టు అనిపించలేదు. రూలు తప్పితే తప్పనీ, తప్పినందుకు ఎవరికో ఒకరికి గట్టిగా తగలాలి. 'ఆనిక్స్ స్టార్మ్' 2025 జనవరిలో మొదటి వారంలోనే 27 లక్షల కాపీలు పోయింది కాబట్టి, నా మార్కులతో ఆవిడకి వచ్చే నష్టమేం లేదు.

ప్రశ్న: 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ'ని అందరూ తెగ పొగుడుతున్నారు. సూర్యుడి శక్తిని తాగేసే సూక్ష్మజీవి ఏమిటండీ? ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, నాకు మింగుడు పడలేదు.
– లెక్చరర్, విజయవాడ

జవాబు: అది పచ్చి అబద్ధమే మాస్టారూ, రాసిన ఆండీ వియర్‌కీ ఆ సంగతి తెలుసు. కాకపోతే ఆయన అబద్ధం ఒక్కటే ఆడి, దాని మీద కట్టినదంతా నిజం లెక్కలతో కట్టాడు. ఆ ఆస్ట్రోఫేజ్ సూర్యుడి దగ్గర శక్తి నింపుకుంటుంది, సంతానం కోసం కార్బన్ డయాక్సైడ్ వెతుక్కుంటూ శుక్రగ్రహం దాకా పోతుంది. సూర్యుడు మసకబారడం, భూమి చల్లబడడం, దగ్గర్లో టౌ సెటి అనే నక్షత్రానికి మాత్రం ఏమీ కాకపోవడం, అక్కడికి ఓడ పంపడం, అన్నీ ఆ ఒక్కదాని నుంచే పుట్టుకొస్తాయి. ఎక్కడా కొత్త అబద్ధం అప్పు తేడు.

నాకు ప్రాణం లేచొచ్చింది మాత్రం రాకీ దగ్గర. వేరే నక్షత్రం నుంచి వచ్చిన ఇంజినీరు, కళ్లు లేవు, శబ్దంతోనే చూస్తాడు, సంగీతంలాంటి స్వరాలతో మాట్లాడతాడు. ఒక్కో చేతికి మూడేసి వేళ్లు. అందుకని వాళ్ల జాతి లెక్కంతా ఆరుతో నడుస్తుంది, మన లెక్క పదితో నడిచినట్టు. మనం పదుల్లో లెక్కపెట్టేది వేళ్లు పది ఉన్నాయి కనకే అని క్లాసులో చెబితే పిల్లలు ఆవలించేవాళ్లు. ఈయన అదే సంగతితో పేజీలకి పేజీలు చదివించాడు. హీరో కూడా స్కూలు టీచరే, కాబట్టి నా పక్షపాతం మీరు లెక్కలోకి తీసుకోవచ్చు.

మైనస్ మార్కులూ ఉన్నాయి. హీరో జోకులు సగం తగ్గించొచ్చు. ఇక ప్రపంచ దేశాలన్నీ కలిసి స్ట్రాట్ అనే ఒకావిడ చేతిలో సర్వాధికారాలూ పెట్టి నోరు మూసుకుంటాయట. ఆస్ట్రోఫేజ్‌నైనా నమ్ముతాను గానీ ఇది నమ్మను.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. ఎంసెట్ పెట్టుకుని ఈ గ్రహాంతరవాసుల పుస్తకాలేంటని తిడితే, దిండు కింద దాచుకుని చదువుతున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: దిండు కింద కళ్లు పాడవుతాయి, లైటు వేసి చదువుకోమనండి.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం. రాత్రి అరగంట మించి చదవలేను. ఆరేడు వందల పేజీలవి చూస్తేనే టెన్షన్. చిన్నది, మంచిది ఒకటి చెప్పండి.
– నెల్లూరు

జవాబు: సుసానా క్లార్క్ 'పిరనేసి'. 2020లో వచ్చింది, మరుసటేడు విమెన్స్ ప్రైజ్ గెలిచింది. మూడు వందల పేజీల లోపే. అంతులేని ఒక భవనం, గది తర్వాత గది, గోడలనిండా విగ్రహాలు, కింది అంతస్తుల్లో సముద్రం. అందులో ఉండే మనిషి అన్నీ డైరీలో రాసుకుంటాడు. ఏ హాల్లోకి ఏ సముద్రపు పోటు ఎప్పుడొస్తుందో పట్టిక వేస్తాడు. అన్నీ ఒకేసారి కలిసి వచ్చే రోజుని ముందే లెక్కకట్టి చెబుతాడు. కథ మలుపు తిరిగేది కూడా ఆ లెక్క మీదే. మొదటి యాభై పేజీలు ఏం జరుగుతోందో అర్థం కాదు. అర్థం కాకపోయినా వెళ్లిపోండి. ఈవిడ మొదటి నవల 2004లో వస్తే రెండోది ఇది. మధ్యలో ఏళ్ల తరబడి జబ్బుతో మంచాన పడింది. నాలుగు గోడల మధ్య ఉండిపోయిన మనిషి రాసిందని తెలిశాక ఇంకోసారి చదివాను.

ప్రశ్న: నెబ్యులా అవార్డు వచ్చిందని 'ద సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్' కొని సగంలో ఆపేశాను. హీరో ఏమీ చేయడేంటండీ? తండ్రిని చంపుతాడని మొదటి అధ్యాయంలో ఊరించి, తర్వాత ఊళ్లు తిరుగుతాడు.
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: నువ్వు ఆపేసిన చోటే నేను లేచి కూర్చున్నాను బాబూ. కొలంబోకి చెందిన వజ్ర చంద్రశేఖర రాసిన నవల ఇది, 2023లో వచ్చింది. హీరో ఫెటర్ పుట్టగానే, వాడి నీడని తల్లి ఇత్తడి మేకుతో నేలకి కొట్టి, చీల్చేస్తుంది. అప్పట్నుంచీ వాడికి నీడ ఉండదు, నేల మీద బరువుగా నిలబడాలన్నా ప్రయత్నం చెయ్యాలి. తండ్రి పెద్ద మహాత్ముడు, లోకమంతా మొక్కే బోధకుడు. ఆయన్ని చంపడానికే తల్లి కొడుకుని పెంచుతుంది.

ఇప్పుడు రాహులుడి కథ గుర్తు చేసుకో. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లి బుద్ధుడయ్యాడు, మనం దండం పెట్టాం. వెనక మిగిలిన పిల్లాడి వైపు నుంచి ఎవరైనా అడిగారా? శ్రీలంకలో మతం, ప్రభుత్వం భుజాలు రాసుకుని తిరుగుతున్నప్పుడు ఒక రచయిత ఆ ప్రశ్న అడగడం చిన్న విషయం కాదు. ఫెటర్ నగరానికి వెళ్లి అక్కడ 'ఎంపిక కాలేకపోయిన' వాళ్ల సంఘంలో చేరతాడు, వాళ్లంతా అవతారపురుషులు కాబోయి మిగిలిపోయినవాళ్లు. నేను పడి పడి నవ్వాను. ర్యాంకు ఒక్క మార్కులో పోగొట్టుకున్న పిల్లలని చూసినదాన్ని కదా. తర్వాత క్వారంటైన్లు, శిబిరాలు, కాగితాలు, కులాల జాబితాలు వస్తాయి, ఆ నవ్వు ఆగిపోతుంది.

వాడు ఏమీ చేయడన్నావు. నేల మీద నిలబడటానికే కష్టపడేవాడి చేత కత్తియుద్ధాలు చేయిస్తే, అప్పుడు ఆ మేకు దండగ. చివరి నలభై పేజీల్లో ఈయన హడావిడి పడ్డాడు, అది ఒప్పుకుంటాను. మళ్లీ మొదలుపెట్టు, ఈసారి వాడి కన్నా నగరాన్ని ఎక్కువ గమనించు.

ప్రశ్న: 'ద మినిస్ట్రీ ఫర్ ద ఫ్యూచర్' మొదటి అధ్యాయం చదివి పడుకోలేకపోయాను. అలా నిజంగా జరగొచ్చా?
– ఉపాధ్యాయుడు, రామగుండం

జవాబు: జరగొచ్చు. కిమ్ స్టాన్లీ రాబిన్సన్ ఆ అధ్యాయాన్ని ఉత్తరప్రదేశ్‌లో ఒక ఊళ్లో పెట్టాడు. వడగాలులు, తేమ, కరెంటు పోవడం, జనం ప్రాణం నిలుపుకోవడానికి చెరువులో దిగితే ఆ నీళ్లూ ఒంటికన్నా వేడి. అందులో కల్పితం అంకె మాత్రమే, దేశంలో రెండు కోట్ల మంది పోయారని రాశాడు. సూత్రం నిజం. థర్మామీటరుకి తడిగుడ్డ చుట్టి కొలిస్తే వచ్చే వేడి 35 డిగ్రీలు దాటితే, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, నీడన కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలే. ముసలివాళ్లకీ ఎండలో పనిచేసేవాళ్లకీ ఆ గీత ఇంకా కిందే. 2015 మే నెల మీకూ గుర్తుండే ఉంటుంది, మన రెండు రాష్ట్రాల్లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకి పోయారు. తేమ కూడా లెక్కేస్తే కోస్తావాళ్లు ఇంకా భయపడాలి.

నవలగా మాత్రం ఆ అధ్యాయం తర్వాత నాకు నీరసం వచ్చింది. మీటింగులు, బ్యాంకులు, కార్బన్ నాణేలు, మధ్యలో ఉపన్యాసాలు. చదవకుండా దాటేసిన పేజీలున్నాయి. అయినా పుస్తకం మా స్కూలు లైబ్రరీకి ఇచ్చాను, మొదటి అధ్యాయం దగ్గర చీటీ పెట్టి.

ప్రశ్న: తెలుగులో ఇలాంటివి ఎందుకు రావు?
– కరీంనగర్

జవాబు: రాకేం? చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ కోసం పోస్ట్‌మ్యాన్‌కి ఎదురెళ్లిన తరం మాది. 'తోకచుక్క', 'మకరదేవత' పేర్లు చెబితే ఇప్పటికీ ముసలి మొహాలు వెలుగుతాయి. ఆ పాఠకులు పెద్దయ్యారు గానీ, వాళ్ల కోసం ఆ మాంత్రికులని పెద్దచేసి రాసినవాళ్లు తక్కువ. ఇప్పుడు రాస్తున్న పిల్లలు ఎవరైనా ఉంటే మొదటి మూడు అధ్యాయాలు పంపండి, చదివి మార్కులు వేస్తాను. ఒక్క షరతు: హీరోకి రెండు డ్రాగన్లు ఇవ్వకండి.