సూపర్ నేపియర్ కడుపునిండా వేస్తున్నా పాలు, ఫ్యాట్ ఎందుకు పెరగడం లేదు?

మీరు రాసినదాన్ని బట్టి రెండు జెర్సీ క్రాస్ ఆవులు, అరెకరం సూపర్ నేపియర్ గడ్డి, ఒక్కో ఆవుకి రోజుకి 6 కిలోల దాణా. పాలు ఒక్కో ఆవుకి రోజుకి 8 లీటర్ల దగ్గరే ఆగాయి, ఫ్యాట్ 3.2 శాతం దాటడం లేదు. గడ్డి మనిషెత్తు దాటిందని సంతోషంగా రాశారు చూశారా, నాకు అనుమానం అక్కడే వచ్చింది.

మాది మదనపల్లె వైపు, ఇంటిల్లిపాదీ పాడి మీదే బతుకుతున్నాం. మా దగ్గర కూడా గడ్డి ఎంత ఎత్తుంటే అంత గొప్ప అనుకునేవాళ్లు ఊరికి సగం మంది ఉన్నారు. నేపియర్ మొదటి కోత రెండు, రెండున్నర నెలలకి. ఆ తర్వాత ప్రతి 40–45 రోజులకి కోసెయ్యాలి. అప్పుడు ఆకు ఎక్కువ, కాడ లేతగా ఉంటుంది. ఎండు లెక్కన ప్రొటీన్ సుమారు 9–10 శాతం ఉంటుంది. మూడు నెలలు వదిలేస్తే అది దాదాపు సగానికి పడిపోతుంది, కణుపులు గట్టిపడి కాడలో లిగ్నిన్ అనే కట్టెలాంటి గట్టి పదార్థం పేరుకుంటుంది. లిగ్నిన్‌ని ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు కూడా అరిగించలేవు. బరువు చూస్తే మోపు పెద్దదే, ఒంటికి పట్టేది తక్కువ.

ఫ్యాట్ సంగతి కూడా ఇక్కడే ముడిపడి ఉంది. పీచు మొదటి పొట్టలో పులిసినప్పుడు తయారయ్యే ఎసిటిక్ ఆమ్లమే పొదుగులో వెన్నగా మారేదాంట్లో ముఖ్యమైనది. ముదురు గడ్డి వేస్తే ఆవు ఆకు తిని కాడలు గాడిలోనే వదిలేస్తుంది, కావాల్సినంత పీచు లోపలికి పోదు. 400 కిలోల ఆవు రోజుకి తినగలిగే ఎండు పదార్థం 10–12 కిలోలు. 6 కిలోల దాణాలోనే ఐదు కిలోలకు పైగా వచ్చేస్తుంది, అంటే సగం తిండి దాణాయే. పొట్టలో పులుపు పెరుగుతుంది, నెమరు తగ్గుతుంది, ఫ్యాట్ పడిపోతుంది. మీరేమో పాలు పెరగలేదని ఇంకాస్త దాణా పోస్తారు! మామూలు లెక్క అయితే ఒంటి పోషణకి ఒకటిన్నర కిలో దాణా, ప్రతి రెండున్నర లీటర్ల పాలకి ఒక కిలో. 8 లీటర్లకి ఐదు కిలోల లోపే సరిపోవాలి.

రేపు పొద్దున గాడిలో ఏం మిగిలిందో చూడండి. వేలు లావు కాడలు మిగిలితే గడ్డి ముదిరినట్టే. మధ్యాహ్నం పడుకున్నప్పుడు ఆవు నెమరేస్తోందా లేదా చూడండి. పేడ పలచగా, బుడగలతో, గింజలతో పడుతుంటే దాణా ఎక్కువైంది. ఇవన్నీ చూసే ముందు పొదుగువాపు లేదని మాత్రం తేల్చుకోండి, అది ఉంటే మేత మార్చి లాభం లేదు.

అసలు రెండు ఆవులకి అరెకరం నేపియర్ ఎక్కువ. నీళ్లు సరిగా ఉంటే ఎకరాకి ఏడాదికి 150 టన్నులు వస్తుందని చెబుతుంటారు. అందులో సగమే వచ్చిందనుకున్నా మీ అరెకరంలో రోజుకి వంద కిలోలు. మీ ఆవులు తినేది యాభై, అరవై కిలోలు. కోత వెనకబడుతుంది, గడ్డి ముదురుతుంది. మేం చేసిందేంటంటే సగం నేలలో నేపియర్ తీసేసి లూసర్న్, దశరథ గడ్డి వేశాం, గట్ల మీద అవిసె చెట్లు నాటాం, ఇవన్నీ పప్పుజాతి మేతలే. మిగిలిన నేపియర్ సాళ్లని 45 వంతులు చేసుకుని రోజుకో వంతు నేలకి దగ్గరగా కోస్తున్నాం. పచ్చిమేతలో మూడో వంతు పప్పుజాతిది కలిపేసరికి దాణాలో ప్రొటీన్ కోసం వేసే నూనెగింజల చెక్క ఖర్చు బాగా తగ్గింది. లూసర్న్ మాత్రం మంచు తడితో ఒక్కటే వేయకండి, కడుపు ఉబ్బుతుంది. కాస్త వాడనిచ్చి నేపియర్‌తో కలిపి వేయండి. చాఫ్ కట్టర్‌లో అంగుళం, ఒకటిన్నర అంగుళం ముక్కలు చాలు, మరీ పొడి చేస్తే నెమరు తగ్గిపోతుంది.

ఎండుమేత గురించి మీరు రాయలేదు. వరిగడ్డి అయితే ప్రొటీన్ 3–4 శాతమే, సిలికా ఎక్కువ. పొట్ట నింపడానికి తప్ప పాలకి పనికిరాదు. మా వైపు దొరికే చెనక్కాయ కట్టె (కాయలు తీసేసిన వేరుశనగ ఎండు మొక్కలు), రాగి గడ్డి దానికన్నా ఎంతో నయం. కట్టె కొనేటప్పుడు ఆకు రాలిపోకుండా ఉందా, బూజు వాసన వస్తోందా చూసుకోండి. వరిగడ్డి తప్ప గతి లేకపోతే 100 కిలోలకి 4 కిలోల యూరియా 50–60 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి దూరకుండా కప్పి మూడు వారాలు మాగబెట్టండి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి వేయండి. ఆరు నెలల లోపు దూడలకి అది వద్దు. కరిగించిన నీళ్ల బకెట్ ఆవులకి అందేచోట పెట్టకండి, తాగితే ప్రాణం పోతుంది.

నేపియర్‌లో ఆక్సలేట్లు అనే లవణాలు ఉంటాయి, అవి కాల్షియంని ఒంటికి అందకుండా పట్టేస్తాయి. అందుకని రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం మానకండి.

ఏదీ ఒక్కరోజులో మార్చొద్దు. పది రోజుల్లో మెల్లగా లేత గడ్డికి తెచ్చి, దాణా రోజుకి పావుకిలో చొప్పున ఐదు కిలోల దగ్గరికి తగ్గించి, మూడో వారం పాల కేంద్రం వాళ్లిచ్చే ఫ్యాట్ చీటీలు చూడండి. ఆవులు ఈని ఎన్ని నెలలైందో, దాణాలో ఏమేం కలుపుతున్నారో కూడా రాయండి. ఏడో నెల పాలు అయితే లీటర్లు పెద్దగా పెరగవు, అప్పుడు మనం చూడాల్సింది ఖర్చు ఎంత తగ్గిందనే.