ఆ గుర్రం లేని దొర ఎవరు?

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో మద్రాసు మౌంట్ రోడ్డు బొమ్మ ఉన్న పోస్టుకార్డు దొరికింది. దిమ్మె మీద ఒక దొర నిలబడి ఉన్నాడు, పక్కన జట్కాలు, ట్రాం పట్టాలు. మా ఇంట్లో అందరూ 'మన్రో దొర' అంటారు. నిజమేనా? కార్డు ఏ కాలానిది? స్టాంపు మీద గడ్డం రాజు ఉన్నాడు, తపాలా ముద్ర అలుక్కుపోయింది.
– ఒక పాఠకురాలు, గుత్తి

జవాబు: గుత్తివాళ్లకి మన్రో మీద మక్కువ ఉంటే తప్పేముందమ్మా! మద్రాసు గవర్నరుగా ఉంటూ 1827లో పత్తికొండలో కలరాతో పోయాక ఆయన్ని మొదట పూడ్చింది మీ ఊళ్ళోనే. కానీ విగ్రహంలో ఆయన గుర్రం దిగడు. 1839 నుంచి మద్రాసులో ఐలండ్ మైదానం దగ్గర జీనూ రికాబులూ లేని గుర్రం మీదే ఉన్నాడు. బస్సు అటు వెళ్ళినప్పుడల్లా మా నాన్నగారు "రికాబులేవిరా?" అని నన్ను అడిగేవారు, తెలియనట్టు.

మీ కార్డులో నిలబడ్డవాడు నీల్. 1857లో అలహాబాదు, కాన్పూరు ప్రాంతాల్లో ఘోరంగా ఊచకోత కోయించిన సైనికాధికారి. ఆ విగ్రహం తీసెయ్యాలని 1927లో సత్యాగ్రహం చేసి జనం జైళ్ళకు వెళ్ళారు. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక గానీ అది రోడ్డు మీంచి కదల్లేదు. ఇప్పుడు ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. కాబట్టి ఫొటో 1937కి ముందుది.

పట్టాలతో పెద్దగా తేలదు. ట్రాములు 1895 నుంచి 1953 దాకా తిరిగాయి. స్టాంపే నయం. గడ్డం రాజుకి కిరీటం లేకపోతే ఏడో ఎడ్వర్డు, అంటే 1902 తర్వాత. కిరీటం ఉంటే ఐదో జార్జి, 1911 తర్వాత. అయితే స్టాంపు చెప్పేది కార్డు పోస్టు చేసిన కాలమే. ఫొటో ఇంకా పాతది కావచ్చు, దుకాణాల్లో ఏళ్ళ తరబడి అవే బొమ్మలు అమ్మేవారు.

రంగులు మాత్రం నమ్మకండి. అలాంటి కార్డులు చాలావరకు జర్మనీలో అచ్చయ్యేవి, రంగులద్దినవాడు మద్రాసు మొహం చూసి ఎరగడు. నేను మూర్ మార్కెట్లో కొన్న కార్డులో జట్కావాడి తలపాగా గులాబీ రంగు, గుర్రం కూడా దాదాపు అదే!

ఒక్కటి మీరు చెప్పలేదు. తొలినాళ్ళ కార్డుల్లో వెనకవైపంతా అడ్రసుకే, జాబు బొమ్మవైపే ఇరికించాలి. మీ తాతగారి కార్డులో ఆకాశం మీద ఏమైనా రాసుందా?