పరుగెత్తే మ్యూయాన్, ఆగిన మ్యూయాన్

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. ప్రాజెక్టుకి మ్యూయాన్ (ఎలక్ట్రాన్‌కి బరువైన అన్నలాంటి కణం) ఆయుష్షే కొలుస్తానని పట్టుబట్టావట, నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి పట్టిందని తెగ సంబరపడ్డాను. తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. చిన్న మెరుపుని కూడా పట్టి విద్యుత్ సంకేతంగా మార్చే ఫొటోమల్టిప్లయర్ ట్యూబుకి వెయ్యి వోల్టుల దాకా ఇస్తారు. నీకేమో చిన్నప్పటి నుంచీ ఏ వైరు కనిపించినా లాగి చూసే అలవాటు.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. సింటిలేటర్‌కి (కణం దూరితే మెరిసే పదార్థానికి) నల్ల టేపు ఒక చుట్టు ఎక్కువే చుట్టు. వోల్టేజి ఉండగా కవరు విప్పకు, గదిలో వెలుతురు పడితే ట్యూబు పోతుంది. అరచెయ్యంత చోట సెకనుకి ఒకటో రెండో మ్యూయాన్లు పడతాయి, కానీ చాలావరకు దూసుకుపోతాయి. లోపలే ఆగి విచ్ఛిన్నమయ్యేవి కొన్నే. అందుకని రోజుల తరబడి నడవనివ్వు.

ఇక నేను చేసిన వెధవ పని.

అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు గాలిని గుద్దుకుంటే మ్యూయాన్లు సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున పుడతాయి. వాటి సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. కాంతి వేగంతో పరుగెత్తినా 660 మీటర్లు దాటేసరికే చాలావరకు అయిపోవాలి. అయినా నేల దాకా వస్తున్నాయి. వేగంగా పరుగెత్తేదాని గడియారం మనకి నెమ్మదిగా నడిచినట్టు కనిపిస్తుంది, దాన్నే కాలం సాగడం అంటారు. 1963లో ఫ్రిష్, స్మిత్ అనే భౌతికశాస్త్రవేత్తలు అమెరికాలో సుమారు 1900 మీటర్ల ఎత్తున్న మౌంట్ వాషింగ్టన్ కొండ మీద లెక్కపెడితే గంటకి 563 వచ్చాయి. సముద్రమట్టం దగ్గర 408. కాలం సాగకపోతే అక్కడ 27 మాత్రమే మిగలాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కానీ బుర్రలో మిగిలింది ఒక్క మాట: వేగం కణానికి బలం.

ఆ బలం కోసం ల్యాబులో కూర్చున్నాను. గ్రాఫు వాలు నుంచి లెక్కిస్తే ఆయుష్షు 2.1 మైక్రోసెకన్లు వచ్చింది. అంత జోరుగా వచ్చే కణాలకి అంతకు ఎన్నో రెట్లు రావాలి కదా అని టైమర్‌ని తిట్టుకున్నాను. మూడు వారాలు కేబుళ్లు మార్చాను. చివరికి, ఇప్పుడు చెప్పడానికీ సిగ్గే, గ్రాఫు మొదట్లో ఉన్న బిందువుల్ని నాయిస్ అని పేరు పెట్టి చెరిపేశాను. వాలు కాస్త తగ్గింది. నా ఆయుష్షు కాస్త పెరిగింది. ఎంత ఆనందమో!

ల్యాబులో పరికరాలు చూసుకునే పెద్దాయన వెనక నుంచి చూస్తూ, "లోపలికి వచ్చి ఆగాకే కదా బాబూ మీ గడియారం మొదలయ్యేది?" అన్నాడు.

మొదటి మెరుపు మ్యూయాన్ వచ్చి ఆగినప్పటిది. రెండోది అది విచ్ఛిన్నమై ఎలక్ట్రాన్ బయటపడినప్పటిది. ఆ రెండింటి మధ్యా అది కదలడమే లేదు. ఆగినదాన్ని పట్టుకుని పరుగెత్తేదాని వయసు అడిగాను నేను. పైగా 2.2కి కాస్త తగ్గడంలోనూ తప్పు లేదు. రుణ విద్యుదావేశం ఉన్న మ్యూయాన్లలో కొన్నింటిని సింటిలేటర్‌లోని కార్బన్ కేంద్రకాలు ముందే మింగేస్తాయి. ఆ తరుగులో కూడా భౌతికశాస్త్రమే ఉంది. నేను దాన్నే రబ్బరు పెట్టి తుడిచేశాను.

"వేగంగా వెళ్తే కణాలు స్థిరంగా ఉంటాయి" అని మీ నాన్నతో అన్నావట. వైవాలో ఆ మాట అన్నావంటే చెవి మెలిపెడతాను. యూరప్‌లోని కణభౌతిక ప్రయోగశాల సెర్న్ వాళ్లు వలయంలో తిప్పిన మ్యూయాన్లు మన గడియారంలో సుమారు 64 మైక్రోసెకన్లు బతికాయి, అంటే 29 రెట్లు. వాటి సొంత గడియారంలో మాత్రం అదే 2.2. కొండ దిగే మ్యూయాన్ వైపు నుంచి చూడు: దాని ఆయుష్షు పెరగలేదు, ఆ 1900 మీటర్ల కొండే రెండొందల చిల్లర మీటర్లకి కురచైపోయింది. విడి న్యూట్రాన్ కదలకుండా ఉంటే సగటున పావుగంటలోపే పోతుంది. ప్రోటాన్ విచ్ఛిన్నమవడం ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఆ తేడా వాటి స్వభావంలోనే ఉంది. ఎంత పరిగెత్తించినా అది మారదు.

కసిరానని అలగకు తల్లీ. నీ వయసులో నాకు ఇలా కసిరేవాళ్లు లేకే మూడు వారాలు పోయాయి. మొదటి గ్రాఫు రాగానే, ఒక్క బిందువు కూడా తీసెయ్యకుండా, ఫొటో తీసి పంపు. ఎంత రాత్రయినా ఫరవాలేదు, ఈమధ్య నేను ఆలస్యంగానే పడుకుంటున్నాను.

మీ పెదనాన్న