మెడికెయిడ్ ఉన్నా సైకియాట్రీ బెడ్ ఇవ్వట్లేదంటే ఏం చేయాలి?

మీ తమ్ముడికి ముప్పై లోపు వయసు, మానియాలో (నిద్ర లేకుండా, ఉద్రేకం అదుపు తప్పే మానసిక స్థితిలో) ఉన్నాడు, ఎమర్జెన్సీలో స్ట్రెచర్ మీదే రెండు రాత్రులు గడిచాయి, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అమెరికా ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) అనగానే పక్క ఊళ్లోని పెద్ద సైకియాట్రిక్ హాస్పిటల్ కుదరదంది, ఎందుకు అని అడిగారు. నేను ఇక్కడ అమెరికాలో ఒక జనరల్ హాస్పిటల్లో కేస్ మేనేజర్‌గా కొన్నేళ్లు చేశాను. రాత్రిపూట ఇలాంటి పేషెంట్లకు బెడ్ వెతకడమే నా డ్యూటీ. అందుకే రాస్తున్నాను.

మీ కార్డులో తప్పేమీ లేకపోవచ్చు. అడ్డొచ్చేది చాలాసార్లు తమ్ముడి వయసు, ఆ హాస్పిటల్ సైజు. 1965లో మెడికెయిడ్ పెట్టినప్పుడు, మానసిక ఆసుపత్రుల ఖర్చు అప్పటిదాకా రాష్ట్రాలే భరిస్తున్నాయి కాబట్టి అది ఫెడరల్ (కేంద్ర) ఖజానా మీద పడకూడదని ఒక నిబంధన పెట్టారు. ప్రధానంగా మానసిక వైద్యమే చేసే, 16కి మించి పడకలున్న చోట చేరితే, 21 నుంచి 64 ఏళ్ల వాళ్లకు ఫెడరల్ డబ్బు రాదు. అలాంటి మానసిక ఆసుపత్రిని ఐఎండీ అంటారు, అందుకే మావాళ్లు దీన్ని ఐఎండీ రూల్ అంటారు. గుండెజబ్బుకు పడకలు లెక్కపెట్టి డబ్బివ్వడం నేనెక్కడా చూడలేదు, ఆ సంగతి అలా ఉంచుదాం.

జనరల్ హాస్పిటల్లో భాగంగా ఉండే సైకియాట్రీ యూనిట్‌కు మామూలుగా ఈ రూల్ తగలదు. కాబట్టి ముందు వాటికి ఫోన్ చేయించండి, పక్క కౌంటీ అయినా సరే. నాకు ఎక్కువసార్లు బెడ్ దొరికింది అక్కడే. ఉదయం డిశ్చార్జీలు అయ్యాక బెడ్లు ఖాళీ అవుతాయి, అందుకని రాత్రి లేదన్న చోటికే మధ్యాహ్నం మళ్లీ చేయమని కేస్ మేనేజర్‌ని అడగండి. మొహమాటపడొద్దు.

పెద్ద హాస్పిటల్‌కూ దారులున్నాయి. తమ్ముడు మెడికెయిడ్ తరఫున బీమా సంస్థ నడిపే మేనేజ్డ్ కేర్ ప్లాన్‌లో ఉంటే, 2016 నిబంధన ప్రకారం రాష్ట్రం ఒప్పుకున్న చోట ఆ ప్లాన్ నెలకు 15 రోజుల వరకు అలాంటి చోట ఖర్చు కట్టొచ్చు. ఆ లెక్క క్యాలెండర్ నెలది, కాబట్టి నెలాఖరులో చేరితే కొత్త నెలకు లెక్క మళ్లీ మొదలవుతుంది. 2018లో వీలు కల్పించాక కొన్ని రాష్ట్రాలు తీవ్రమైన మానసిక జబ్బులకు సెక్షన్ 1115 వేవర్ (ఆ రూల్ నుంచి మినహాయింపు) కూడా తెచ్చుకున్నాయి. అడ్మిషన్ డెస్క్‌లో మెడికెయిడ్ తీసుకుంటారా అని అడిగితే కాదనే జవాబే వస్తుంది. కార్డు వెనకున్న బిహేవియరల్ హెల్త్ (మానసిక ఆరోగ్య) నంబరుకు చేసి, ఐఎండీ స్టేకి ప్లాన్ కడుతుందా, మన స్టేట్‌కి వేవర్ ఉందా అని సూటిగా అడగండి.

ఇంకోటి. ఎమ్‌టాలా అని 1986 నాటి చట్టం ఉంది. మెడికేర్‌లో (ప్రధానంగా వృద్ధులకిచ్చే ఫెడరల్ బీమాలో) ఉన్న హాస్పిటల్‌కు తగిన వసతీ ఖాళీ బెడ్డూ ఉండి, పేషెంట్ ఎమర్జెన్సీ స్థితి ఇంకా అదుపులోకి రాకపోతే, ఇన్సూరెన్స్ చూసి ట్రాన్స్‌ఫర్ వద్దనకూడదు. ఎమర్జెన్సీ డాక్టర్ ఆ మాట ఎత్తితే ఫోన్లో గొంతు మారడం నేను విన్నాను.

ఇక అసలు దెబ్బ పడేది చార్టులో, అంటే హాస్పిటల్ రికార్డులో. ఇంజెక్షన్ ఇచ్చాక మనిషి మత్తుగా పడుకుంటాడు, నర్సు "ప్రశాంతంగా ఉన్నాడు, సహకరిస్తున్నాడు" అని రాస్తుంది, అందులో అబద్ధమేమీ లేదు. ప్లాన్ తరఫున చదివేవాళ్లకు కనిపించేది ఆ ఒక్క ముక్కే, ఇన్‌పేషెంట్ అవసరం లేదనేస్తారు. నిద్రలేకుండా ఎన్నాళ్లు తిరిగాడు, కారు ఎలా నడిపాడు, చస్తానని ఎప్పుడన్నాడు, ఏ మందు ఎప్పుడు మానేశాడు, ఇవన్నీ తేదీలతో ఒక కాగితం మీద రాసి డాక్టర్ చేతికివ్వండి, చార్టులో ఎక్కించమనండి. మనవాళ్లు ఇక్కడే వెనక్కి తగ్గుతారు. పెళ్లి కావాల్సిన కుర్రాడు, రికార్డులో ఇవన్నీ ఎందుకని తల్లిదండ్రులు నన్ను పక్కకు పిలిచి అడిగిన సందర్భాలున్నాయి. ఆ దాపరికంతో బెడ్ చేజారుతుంది. ప్రైవసీ చట్టం హిపా వల్ల డాక్టర్ మీకేమీ చెప్పకపోవచ్చు గానీ, మీరు చెప్పేది వినడానికి అది అడ్డు కాదు.

ప్లాన్ తిరస్కరిస్తే, అదే రోజు మీ డాక్టర్‌ని ప్లాన్ డాక్టర్‌తో మాట్లాడించండి. దాంతో తేలకపోతే ఎక్స్‌పెడైటెడ్ (త్వరగా తేల్చే) అప్పీల్ వేయండి. మేనేజ్డ్ కేర్ ప్లాన్ 72 గంటల్లో తేల్చాలి.

ఐఎండీ రూల్ ఎత్తేస్తే సరిపోతుందని చాలామంది అంటారు. ఎత్తేయాలనే నా అభిప్రాయం కూడా, కానీ వారం తిరక్కుండా అదే పేషెంట్ మళ్లీ ఎమర్జెన్సీకి రావడం చూశాక, బెడ్లతోపాటు బయట క్లినిక్కులకూ డబ్బు పెట్టాలంటాను. ఇంటికి పంపేముందు, 7 రోజుల్లోపు అపాయింట్‌మెంట్ తేదీ కాగితం మీద ఉందో లేదో చూసుకోండి. ప్లాన్ల పనితీరును కొలిచే వాటిలో ఈ 7 రోజుల లెక్క ఒకటి, కాబట్టి క్లినిక్ దొరకలేదంటే ప్లాన్ కేర్ కోఆర్డినేటర్‌నే వెతకమనండి.