తుపాకుల భయం సరే, స్విమ్మింగ్ పూల్ సంగతేంటి?

కిందటి నెల మా ఊరికి, అంటే అమెరికాలో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకి, కొత్తగా వచ్చిన ఒకమ్మాయి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. వాళ్ళ బాబు రెండో క్లాసు. స్కూలు నుంచి వచ్చి "అమ్మా, ఇవాళ లైట్లు ఆపేసి అందరం మూలకెళ్ళి కూర్చున్నాం, గట్టిగా ఊపిరి కూడా తీసుకోవద్దన్నారు" అని చెప్పాడట. లాక్‌డౌన్ డ్రిల్ అన్నమాట, అంటే తుపాకీతో ఎవరైనా స్కూల్లోకి చొరబడితే ఎలా దాక్కోవాలో పిల్లలతో చేయించే అభ్యాసం. ఆ రాత్రి ఆమెకి నిద్ర లేదు. "పిల్లాణ్ణి ఇక్కడికి తెచ్చి తప్పు చేశామా అక్కా?" అని అడిగింది.

ఆ భయం ఉత్తదని నేను చెప్పలేను. 2022 మే 24న మా టెక్సాస్‌లోనే, యువాల్డీ అనే ఊళ్ళో, 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు కాల్పుల్లో పోయారు. మర్నాడు మా అమ్మాయిని స్కూల్లో దింపేసి, పార్కింగ్‌లో కారులోనే చాలాసేపు కూర్చుండిపోయాను. కానీ ఆ భయం విషయంలో మన చేతిలో ఉన్నది తక్కువ. ఉన్నంత చెయ్యండి. స్కూలు దగ్గర మీ ఫోన్ నంబర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. వాళ్ళు పంపే మెసేజిలో మాటలు నేర్చుకోండి. ఇక్కడ చాలా స్కూళ్ళలో "హోల్డ్" అంటే పిల్లలు క్లాసులోనే ఉండాలని అర్థం. వరండాలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా హోల్డ్ పెడతారు. "సెక్యూర్" అంటే ప్రమాదం ఏదైనా ఉంటే బయట ఉంది, తలుపులు వేసి లోపల పాఠాలు చెబుతున్నారని. లాక్‌డౌన్ వేరు. ఈ తేడా తెలియక మెసేజి రాగానే గుండె ఆగినంత పనయ్యే తల్లులను చాలామందిని చూశాను.

నేను ఆ అమ్మాయిని తిరిగి ఒక ప్రశ్న అడిగాను. "మీ అపార్ట్‌మెంట్‌లో స్విమ్మింగ్ పూల్ ఉందా? చిన్నదానికి మూడేళ్ళు కదా?"

ఈ దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల ప్రాణాలు అన్నిటికన్నా ఎక్కువగా తీస్తున్నది నీళ్ళే. మనం టీవీలో చూసేది వేరు కాబట్టి ఈ సంగతి మన బుర్రకెక్కదు. చాలా ఏళ్ళ కిందట మా కమ్యూనిటీ పూల్ దగ్గర ఒక పుట్టినరోజు పార్టీ. ఇరవై మందికి పైగా పెద్దవాళ్ళం ఉన్నాం. అల్యూమినియం ట్రేల్లో బిర్యానీ, ఒకవైపు కబుర్లు, ఇంకోవైపు ఫోటోలు. నాలుగేళ్ళ పిల్ల మెట్ల మీద కూర్చుని కాళ్ళు ఆడిస్తోంది. ఒక్క మెట్టు కిందికి జారింది. కేక లేదు, నీళ్ళు చిమ్మలేదు. జడ రిబ్బన్ మాత్రం పైన తేలుతోంది. పక్కన ఈదుతున్న హైస్కూలు కుర్రాడు చూసి ఎత్తాడు కాబట్టి పిల్ల దక్కింది. వాళ్ళమ్మ నాలుగడుగుల దూరంలో ప్లేట్లు అందిస్తోంది. సినిమాల్లోలాగా చేతులు కొట్టుకుని అరుస్తారనుకుంటాం. మునిగేవాళ్ళు అరవలేరు, ముఖ్యంగా పిల్లలు.

అప్పటి నుంచి మా గుంపులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి కాపలా. చేతిలో ఫోన్ ఉండదు, ప్లేటు ఉండదు. పదిహేను నిమిషాలయ్యాక పేరు పెట్టి పిలిచి ఇంకొకరికి అప్పజెప్పాలి. "అందరం ఉన్నాం కదా" అంటే ఎవరూ లేనట్టే. చేతులకు తగిలించే గాలి బుడగల్ని నమ్మకండి. కోస్ట్ గార్డ్ ఆమోదముద్ర ఉన్న లైఫ్ జాకెట్ కొనండి.

కారు సంగతి కూడా అంతే. "పాలు తీసుకుని రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అని నిద్రపోతున్న పిల్లని కారులో వదలకండి. ఏసీ ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే సుమారు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి పెరుగుతుంది. టెక్సాస్‌లో ఏడేళ్ళలోపు పిల్లల్ని, పద్నాలుగేళ్ళు నిండిన తోడు లేకుండా, ఐదు నిమిషాలకు మించి కారులో వదిలితే నేరం కూడా.

"ఒక్క దెబ్బ వేస్తే ప్రభుత్వం వాళ్ళు పిల్లల్ని తీసుకుపోతారటగా" అని అందరూ అడుగుతారు. ఒక్క ఫోన్ కాల్‌కే పిల్లల్ని ఎత్తుకుపోరు. కానీ ఒంటి మీద గుర్తు చూసి కొట్టారేమోనని అనుమానం వస్తే టీచరు రిపోర్ట్ చెయ్యకుండా ఉండకూడదు, అది చట్టం. మన పసిపిల్లలకు చాలామందికి నడుము కింద నీలం మచ్చలుంటాయి కదా, పుట్టుకతో వచ్చేవి. వాటిని దెబ్బలనుకునే అవకాశం ఉంది. అందుకని పిల్లల డాక్టరుకి చూపించి రికార్డులో రాయించండి, డేకేర్‌లో చేర్చిన రోజే చెప్పండి. నాకు ఈ ముక్క మొదట్లో ఎవరూ చెప్పలేదు. మా చంటిదాని డైపర్ మార్చినామె నన్ను పక్కకి పిలిచి అడిగినప్పుడు నోట మాట రాలేదు.

అమ్మమ్మా తాతయ్యలు వస్తే వాళ్ళ బీపీ, షుగర్ మాత్రల సంచీ మంచం మీద ఉండకూడదు. పిల్ల ఏదైనా మింగిందని అనుమానం వస్తే, ఏం చెయ్యాలో ఫోన్లో చెప్పే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు తీసుకోరు. పిల్ల స్పృహలో లేకపోతే, ఊపిరాడకపోతే మాత్రం నేరుగా 911. ఊరి నుంచి తెచ్చిన కాటుక పెట్టకండి, చాలావాటిలో సీసం ఉంటోంది.

నాకు ఫోన్ చేసిన ఆ అమ్మాయి వాళ్ళ బాబు లంచ్ బాక్స్ రోజూ నిండుగా తిరిగొస్తోందట. పులిహోర. "ఎందుకు తినలేదురా" అని కోప్పడకుండా, ఎవరి పక్కన కూర్చుంటున్నాడో అడగమన్నాను. ఎవరి పక్కనా లేదట. ఆ మాట విని నాకు డ్రిల్ కన్నా ఎక్కువ దిగులేసింది. టీచరుకి ఆ రాత్రే రెండు లైన్ల ఈమెయిల్ రాయించాను, లంచ్‌లో వాడికి ఒక తోడుని చూడమని. చిన్నదానికి స్విమ్మింగ్ క్లాసు కూడా వెతికాం. వైఎంసీఏలో శనివారం పొద్దున ఒక్క ఖాళీయే ఉంటే వెంటనే పేరు రాయించాం.